ముసలితనానికి ముందస్తు లెక్క: సంరక్షణ ప్రణాళికలో కంప్యూటర్ సిమ్యులేషన్లు

2011 జులైలో ఇంగ్లండులో ఆర్థికవేత్త ఆండ్రూ డిల్నాట్ నాయకత్వంలోని కమిషన్ ఒక లెక్క బయటపెట్టింది. 65 ఏళ్ళ వయసువారిలో సగం మందికి మిగిలిన జీవితమంతా కలిపినా సంరక్షణ ఖర్చు 20,000 పౌండ్లు దాటదు. నాలుగోవంతు మందికైతే దాదాపు ఏమీ పడదు. పదిమందిలో ఒకరికి మాత్రం అది లక్ష పౌండ్లు దాటిపోతుంది. ఈ అంకెలు ఏ బిల్లుల కట్టల్లోంచీ తీసినవి కావు. ఆ 65 ఏళ్ళవారి ముసలితనం అప్పటికింకా ముందే ఉంది. కంప్యూటరులో కల్పిత జీవితాలను ఏడాదికేడాది ముందుకు నడిపించి, ఎవరు ఎప్పుడు మంచాన పడతారో, పడ్డాక ఎన్నాళ్ళుంటారో చూసి రాబట్టినవి.

సంరక్షణ అంటే ఇక్కడ వైద్యం కాదు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం, అన్నం తినిపించడం. ఈ రోజువారీ పనుల్లో మనిషి ఎన్నిటిని సొంతంగా చేసుకోగలడో చూసే కొలబద్దను అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించింది. దాని రూపాంతరాలే నేటికీ చాలా సర్వేలకు పునాది. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్ళు ఎవరికీ పట్టని ఈ వ్యవహారం, అవి ఆడడం మానేశాక ఏళ్ళ తరబడి సాగుతుంది. అందుకే ప్రభుత్వాలు ముందుగా తెలుసుకోవాలనుకునేవి మూడు: ఎంతమందికి కావాలి, ఎంతవుతుంది, చేసేదెవరు. మొదటి రెండు ప్రశ్నల మీద అరవై ఏళ్ళకు పైగా పద్ధతులు పెరిగాయి. మూడోదాని దగ్గర చాలా నమూనాలు ఇంకా తడబడుతున్నాయి.

లెక్క మొదలైన తీరు

మొదట్లో ఉన్నది నిష్పత్తుల పద్ధతి. 75 ఏళ్ళు దాటిన ప్రతి వెయ్యిమందికీ ఇన్ని పడకలు అని ఒక అంకె పెట్టుకోవడం, జనాభా అంచనాతో గుణించడం. గుమాస్తా కూడా చేయగల పని కాబట్టి దానికి ఆదరణ ఎక్కువ, ఇప్పటికీ చాలా చోట్ల ఉంది. 1957లో ఆర్థికవేత్త గై ఓర్కట్ వేరే దారి చూపాడు. దేశాన్ని మొత్తం అంకెలుగా కాక, ఒక్కొక్క వ్యక్తినీ కుటుంబాన్నీ కంప్యూటరులో విడివిడిగా పెట్టి, పెళ్ళి, ఉద్యోగం, జబ్బు, చావు అన్నిటికీ సంభావ్యతలిచ్చి నడపాలన్నాడు. మైక్రోసిమ్యులేషన్ అక్కడ పుట్టింది. అదే కాలంలో ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ కర్మాగారాల సరుకు నిల్వల హెచ్చుతగ్గులను పట్టుకోవడానికి సిస్టమ్ డైనమిక్స్ అనే పద్ధతిని తయారు చేస్తున్నాడు. దానిమీద రాసిన పుస్తకం 1961లో వచ్చింది. ఈ ఇద్దరి ఆలోచనలూ వృద్ధుల సంరక్షణ దాకా రావడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది.

అమెరికాలో ఆలిస్ రివ్లిన్, జాషువా వీనర్ 1988లో వెలువరించిన బ్రూకింగ్స్ అధ్యయనం ఈ దారిలో మైలురాయి. వికలత వచ్చిన వృద్ధుల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు అది మైక్రోసిమ్యులేషన్‌తో జవాబు వెతికింది. బ్రిటన్‌లో 1990లలో పి.ఎస్.ఎస్.ఆర్.యు. అనే పరిశోధనా కేంద్రం తయారుచేసిన నమూనా 1999 నాటి రాయల్ కమిషన్‌కు ఆధారమైంది. ఆ కమిషన్‌లో ఎక్కువమంది వ్యక్తిగత సంరక్షణను అందరికీ ఉచితం చేయాలన్నారు. జోయెల్ జాఫ్, డేవిడ్ లిప్సీ అనే ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. అందరి ముందూ ఉన్నది ఒకే లెక్క. స్కాట్లండు 2002లో మెజారిటీ మాట విని ఉచితం చేసింది, ఇంగ్లండు వినలేదు. సిమ్యులేషన్ ఎంతవరకు తీర్పు చెప్పగలదో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క ఉదంతం దాదాపు సరిపోతుంది.

నాలుగు బడులు

మొదటిది గళ్ళ లెక్క. జనాన్ని వయసు, ఆడా మగా, వికలత, ఒంటరిగా ఉన్నారా లేదా అనే గళ్ళలో పెట్టి, ఒక్కో గడిలో ఎంతశాతం మంది ఏ సేవ వాడుతున్నారో చూసి, రేపటి జనాభాకు అన్వయించడం. పి.ఎస్.ఎస్.ఆర్.యు. మొదటి నమూనా ఇలాంటిదే. నిష్పత్తి పద్ధతికి ఇది చదువుకున్న తమ్ముడు. ఏ ఊహ మారిస్తే ఏ అంకె మారుతుందో ఎవరైనా చూడగలగడం దీని బలం. సగటే తప్ప ఒక మనిషి జీవితం దీనికి కనపడకపోవడం బలహీనత.

ఆ లోటు పూడ్చేది మైక్రోసిమ్యులేషన్. డిల్నాట్ అంకెలు ఈ బడివే. సగటు ఖర్చు ఎంత అన్నదొక్కటే తెలిస్తే బీమా అవసరం ఎందుకో తెలియదు. కొందరికి సున్నా, కొందరికి లక్ష అని తెలిసినప్పుడే అది జీవితపు జూదమని, దాన్ని అందరూ కలిసి పంచుకోవాలా వద్దా అన్న చర్చకు అర్థముందని తెలుస్తుంది. న్యూకాజిల్ పరిశోధకులు 2018లో ప్రకటించిన పాక్‌సిమ్ నమూనా ఇంకో అడుగు వేసింది. ఒక్కో మనిషికి మధుమేహం, గుండెజబ్బు, కీళ్ళవాతం, మతిమరుపు వంటి జబ్బులు ఒకదానిమీద ఒకటి ఎలా చేరతాయో కూడా లెక్కలోకి తెచ్చింది. ఇంగ్లండులో 2035 నాటికి సొంతంగా తిరగగల వృద్ధుల సంఖ్య బాగా పెరుగుతుందని, అదే సమయంలో 85 దాటినవారిలో ఇరవైనాలుగు గంటలూ మనిషి కావలసినవారు దాదాపు రెట్టింపవుతారని అది తేల్చింది. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని గళ్ళ లెక్క అంత తేటగా చెప్పలేదు. అయితే ఈ బడికి మేత ఎక్కువ. ఒకే మనుషులను ఏళ్ళ తరబడి వెంబడించిన సర్వే లేకపోతే ఇది నడవదు.

మూడోది ప్రవాహాల బడి. ఇందులో మనుషులుండరు, తొట్లూ కుళాయిలూ ఉంటాయి. ఆసుపత్రి ఒక తొట్టి, ఇల్లు ఒకటి, కేర్ హోమ్ ఒకటి. కిందితొట్టి నిండితే పైతొట్టి పొంగుతుంది. బ్రిటన్‌లో ఎరిక్ వోల్‌స్టన్‌హోమ్ ఈ పద్ధతితో 1990ల చివర్లో చూపించిన విషయం అప్పటి అధికారులకు రుచించేది కాదు. వైద్యం పూర్తయిన వృద్ధులు వెళ్ళడానికి చోటులేక ఆసుపత్రి పడకల్లోనే ఉండిపోతున్నప్పుడు, ఆసుపత్రిలో పడకలు పెంచితే ఆ పడకలూ అలాగే నిండుతాయి. మధ్యంతర సంరక్షణ మీద, ఇంటికి పంపాక ఇచ్చే సేవల మీద పెట్టిన డబ్బే పైతొట్టిని ఖాళీ చేస్తుంది. 2003లో పార్లమెంటు, వృద్ధులను సకాలంలో ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళని స్థానిక సంస్థల నుంచి సొమ్ము వసూలు చేసే చట్టం తెచ్చింది. చోటు లేకపోవడం స్థానిక సంస్థల సోమరితనమే అనుకుంటే జరిమానా పనిచేయాలి. తొట్టి చిన్నదనుకుంటే చేయదు. ఏ ఊహ సరైనదో చట్టం చేయకముందే పరీక్షించి చూసుకోవచ్చన్నదే ఈ బడి వాదన.

ఈ కుటుంబానికే చెందిన క్యూల పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పరిశోధకులు దాంతో, ఎన్ని పడకలుంటే ఎదురుచూపులు గడువు దాటకుండా ఉంటాయో ఏడాదివారీగా లెక్కగట్టారు. వెయ్యిమందికి ఇన్ని అనే స్థిరనిష్పత్తి ఈ పనికి సరిపోదని చూపారు. జిల్లా స్థాయి అధికారికి నిజంగా పనికొచ్చేది బహుశా ఇదే. కానీ పత్రికల పతాకశీర్షికల్లోకి ఎక్కదు.

చివరిది ఏజెంట్ల బడి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వెలువరించిన నమూనాలో కల్పిత మనుషులు ఊళ్ళలో ఇళ్ళు చూసుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు, విడిపోతారు, పనికోసం ఊరు మారతారు. కూతురు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి తల్లికి దొరికే సాయం మారుతుంది. మిగతా బడులు కుటుంబాన్ని ఒక స్థిరాంకంగా తీసుకుంటే ఇది దాన్ని నమూనా నడిబొడ్డున పెట్టింది. ఇందులో కావలసిన ప్రవర్తన సూత్రాలు చాలావరకు పరిశోధకుల ఊహలే కనక, ఫలితం చూసి ముచ్చటపడేవారు ఎక్కువ, బడ్జెట్ వేసేవారు తక్కువ.

క్లుప్తంగా పోలిస్తే: మొత్తం ఖర్చెంత అంటే గళ్ళ లెక్క చాలు. భారం ఎవరిమీద ఎంత పడుతుంది అంటే మైక్రోసిమ్యులేషన్ కావాలి. ఎక్కడ ఇరుకుపడుతుంది అంటే ప్రవాహాలూ క్యూలూ. ఎవరు చేస్తారు అంటే ఏజెంట్లు, కానీ ఆ జవాబును గట్టిగా నమ్మలేం. ఒక ప్రశ్నకు కట్టిన నమూనాను ఇంకో ప్రశ్నకు వాడడంవల్ల పుట్టిన తగాదాలు ఈ రంగంలో కొల్లలు.

ఆయుష్షు పెరిగితే జబ్బు పెరుగుతుందా

పద్ధతి ఏదైనా, దాని కడుపులో ఒక పాత వివాదం ఉంటుంది. 1977లో ఎర్నెస్ట్ గ్రూయెన్‌బర్గ్, వైద్యం మనుషులను చావకుండా ఆపుతోందే తప్ప రోగాన్ని ఆపడం లేదు కాబట్టి మంచాన ఉండే కాలం పెరుగుతుందన్నాడు. 1980లో జేమ్స్ ఫ్రైస్ దానికి పూర్తిగా ఎదురు చెప్పాడు. జబ్బు మొదలయ్యే వయసు పెరిగి, అవస్థపడే కాలం చివర్లో కుంచించుకుపోతుందన్నాడు. 1982లో కెనెత్ మాంటన్, జబ్బు కాలం పెరుగుతుంది గానీ తీవ్రత తగ్గుతుందని మధ్యేమార్గం పట్టాడు. నమూనాలో ఈ ముగ్గురిలో ఎవరిని కూర్చోబెడితే ఇరవై ఏళ్ళ తర్వాతి అంకె వారి మాటే చెబుతుంది.

ఈ విషయంలో అరుదుగా దొరికిన పరీక్ష ఇంగ్లండులో జరిగింది. 1990ల మొదట్లో కేంబ్రిడ్జ్‌షైర్, న్యూకాజిల్, నాటింగ్‌హామ్ ప్రాంతాల్లో వృద్ధుల మతిమరుపు జబ్బును కొలిచారు. ఆ రేట్లే కొనసాగితే 2011లో బ్రిటన్ మొత్తంలో 8,84,000 మందికి డిమెన్షియా ఉండాలి. అవే ప్రాంతాల్లో, అదే కొలతతో రెండు దశాబ్దాలకు మళ్ళీ వెళ్ళి చూస్తే తేలింది 6,70,000. 65 దాటినవారిలో జబ్బు 8.3 శాతం నుంచి 6.5 శాతానికి దిగింది. చదువు పెరగడం, రక్తనాళాల జబ్బులకు మెరుగైన చికిత్స కారణాలు కావచ్చని పరిశోధకులు భావించారు. రేట్లు మారవన్న ఒక్క ఊహ రెండు లక్షల మందిని అదనంగా పుట్టించింది. దాన్నిబట్టి ఫ్రైస్ గెలిచాడనడానికి లేదు. ఆ సర్వేలనే వాడి 2017లో చేసిన మరో అధ్యయనం, 65 దాటాక పరాధీనంగా గడిపే ఏళ్ళు పెరిగాయనీ, రేట్లు అలాగే ఉంటే 2025కల్లా 71,215 కేర్ హోమ్ చోట్లు అదనంగా కావాలనీ చెప్పింది. మతి నిలిచింది, కాళ్ళు నిలవలేదు. ఒకే జనాభా, ఒకే సర్వే, రెండు దిశలు. ముందుకు వెళ్ళేకొద్దీ అంచనాల ఎడం వెడల్పవుతుంది కాబట్టి ఈ రంగంలో దీన్ని సందేహాల గరాటు అంటారు. గరాటు మొత్తాన్ని చూపించాల్సిన నివేదికలు దాని నడిగీతను మాత్రమే ముద్రిస్తుంటాయి.

అవసరమా, వాడకమా

గరాటు కంటే లోతైన చిక్కు ఇది. 2001కీ 2011కీ మధ్య ఇంగ్లండు, వేల్స్‌లో 65 దాటినవారు 11 శాతం పెరిగారు. కేర్ హోముల్లో ఉన్నవారు మాత్రం 2,90,000 నుంచి 2,91,000 అయ్యారంతే. ముసలివాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారా? ఇంట్లోనే ఉండాలనుకున్నారా? చోటు దొరకలేదా, డబ్బు సరిపోలేదా? వాడకం ఆధారంగా కట్టిన నమూనాకు ఈ నాలుగూ ఒకటే. నిన్న దొరకని సేవను అది అవసరం లేని సేవగా రాసుకుని, రేపటికి కూడా కావలసిన చోట్లు తక్కువే అని చూపిస్తుంది. కోతలు పెట్టిన ఏడాది తర్వాత నమూనా అంచనా తగ్గడమనే వింత ఇలాగే పుడుతుంది.

అవసరాన్ని నేరుగా కొలవబోయినా సుఖం లేదు. జపాన్ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమాను మొదలుపెట్టినప్పుడు, దరఖాస్తు చేసిన వృద్ధుడి స్థాయిని మొదట కంప్యూటరే నిర్ణయించేది. ఆ తర్వాత నిపుణుల సంఘం సవరించేది. సంరక్షణ కేంద్రాల్లో సిబ్బంది ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు వెచ్చిస్తున్నారో నిమిషం నిమిషం నమోదుచేసి ఆ లెక్కను తయారుచేశారు. లేవలేని మనిషికి పట్టే నిమిషాలు అందులో బాగా కనిపించాయి. ఒళ్ళు గట్టిగా ఉండి మతి చెదిరి, రాత్రిళ్ళు తలుపు తీసుకుని వెళ్ళిపోయే మనిషికి ఇంట్లోవాళ్ళు పడే కాపలా కనిపించలేదు. ఇలాంటివారికి తక్కువ స్థాయి వస్తోందన్న ఫిర్యాదులు మిన్నంటాక 2003లో లెక్కను మార్చారు. కొలిచిన చోటు కేంద్రం, వాడిన చోటు ఇల్లు. గణితంలో తప్పేమీ లేదు.

ఇంటిచాకిరీకి ఖరీదెంత

ఏ దేశంలోనైనా ఎక్కువ సంరక్షణ చేసేది కుటుంబమే, అందులోనూ భార్య, కూతురు, కోడలు. దీన్ని నమూనాల్లో పెట్టే తీరు మూడు రకాలు. కొన్ని దాన్ని ఉచితమని వదిలేస్తాయి. కొన్ని నేటి స్థాయిలోనే ఉంటుందని స్థిరపరుస్తాయి. సింగపూర్‌లో డ్యూక్-ఎన్.యు.ఎస్. పరిశోధకుల ప్రవాహ నమూనా వంటి కొన్ని మాత్రం, పిల్లల సంఖ్య తగ్గి ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వెళ్తున్నప్పుడు కుటుంబాల మీద పడే గంటలు ఎంత పెరుగుతాయో, ఏ విధానం ఆ గంటలను ఎటు నెడుతుందో విడిగా చూపుతాయి. వృద్ధులను ఇంట్లోనే ఉంచడం చవక అనే విధానపత్రాలను ఈ మూడో దృష్టితో చదివితే, ప్రభుత్వ ఖాతాలోంచి మాయమైన ఖర్చు ఎవరో ఒక స్త్రీ మానేసిన ఉద్యోగంగా తేలుతుంది. ఈ సమీక్షకుడి దృష్టిలో మొత్తం రంగంలో అత్యంత బలహీనమైన చోటు ఇదే. పరిశోధకులకు తెలియకపోవడం కాదు కారణం. లెక్క అడిగే ఆర్థికశాఖకు ఆ గంటల వరుస అవసరం లేదు.

లెక్క తప్పిన చోట, లెక్క వినని చోట

అమెరికాలో ప్రైవేటు సంస్థలు దీర్ఘకాలిక సంరక్షణ బీమాను అమ్మినప్పుడు, చాలామంది మధ్యలో పాలసీ వదిలేస్తారని లెక్కేశాయి. ఊహించినదానికంటే చాలా తక్కువమంది వదిలారు. ఎక్కువకాలం బతికారు, వడ్డీ రేట్లు పడిపోయాయి. ప్రీమియాలు పదేపదే పెరిగాయి. పెన్ ట్రీటీ అనే బీమా సంస్థ 2017లో మూతపడింది. 2018 జనవరిలో జనరల్ ఎలక్ట్రిక్, తన పాత బీమా బాధ్యతల కోసం ఏడేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వస్తుందని ప్రకటించింది. ఇది లెక్క తప్పిన కథ.

లెక్క సరిగ్గా పనిచేసిన కథ కూడా ఆ దేశానిదే. 2010 ఆరోగ్య చట్టంలో క్లాస్ అనే స్వచ్ఛంద సంరక్షణ బీమా ఉంది. ఇష్టమైనవాళ్ళే చేరే పథకంలో జబ్బు భయమున్నవాళ్ళే ముందు చేరతారు, ప్రీమియం పెరుగుతుంది, ఆరోగ్యవంతులు తప్పుకుంటారు, పథకం కుప్పకూలుతుంది అని బీమా గణకులు ముందే హెచ్చరించారు. 2011 అక్టోబరులో ప్రభుత్వమే దీన్ని నిలబెట్టలేమని ఒప్పుకుంది. 2013 జనవరిలో ఆ పథకం రద్దయింది. తర్వాత వాషింగ్టన్ రాష్ట్రం అదే పాఠం నేర్చుకుని జీతంలో 0.58 శాతాన్ని తప్పనిసరి చేసింది.

ఇక డిల్నాట్. ఒక మనిషి జీవితకాలంలో సంరక్షణకు పెట్టే ఖర్చుకు 35,000 పౌండ్ల దగ్గర హద్దు గీయాలని ఆయన కమిషన్ సూచించింది. 2014 చట్టం తర్వాత అది 72,000 పౌండ్లుగా 2016లో మొదలవ్వాలి. 2015లో వాయిదా పడింది, తర్వాత అటకెక్కింది. 2021లో 86,000 పౌండ్లుగా మళ్ళీ దిగింది. మళ్ళీ వాయిదా. 2024 జులైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. 2025లో లూయీజ్ కేసీ అధ్యక్షతన ఇంకో కమిషన్ మొదలైంది. ప్రతి మలుపులోనూ సిమ్యులేషన్లు నడిచాయి, హద్దు ఎక్కడ గీస్తే ఎవరికి ఎంత మిగులుతుందో పట్టికలు వచ్చాయి. ఇల్లున్నవారి ఆస్తిని కాపాడటానికి ఇల్లు లేనివారు పన్ను కట్టాలా అన్న ప్రశ్న దగ్గర ఆ పట్టికలు ఆగిపోయాయి. అక్కడ ఆగడమే వాటి మర్యాద కూడా.

మన దగ్గర

భారతదేశంలో ఇంకా ఈ వివాదం పుట్టలేదు, ఎందుకంటే నమూనా నడవడానికి కావలసిన గింజలే లేవు. 72,000 మందికి పైగా, 45 ఏళ్ళు దాటినవారిని కలిసిన లాసి అనే జాతీయ సర్వే మొదటి విడత 2017–18లో జరిగింది. ఎంతమందికి ఏ పని కష్టమో అది చెబుతుంది. 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందన్న అంచనా దాని అనుబంధ అధ్యయనం నుంచే వచ్చింది. కానీ నడవగలిగే మనిషి ఎన్నేళ్ళకు నడవలేని మనిషి అవుతాడన్నది తెలియాలంటే అదే మనిషి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఒక్క విడతతో మైక్రోసిమ్యులేషన్ కట్టలేం. 2021 జనగణన ఆగిపోయి 2027కి చేరింది కనక, జనాభా పునాది కూడా 2011 నాటి లెక్కను సాగదీసిందే.

కొరత ఉన్నా ఒత్తిడి ఆగలేదు. ఆ సాగదీసిన అంచనాల ప్రకారమే 2021లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవారు 12.4 శాతం. కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్‌ల తర్వాత పెద్ద రాష్ట్రాల్లో దానిదే స్థానం. 2024 చివర్లో ఆ రాష్ట్రం స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తొలగించింది. ముఖ్యమంత్రి జనాభా ముసలిదవుతోందని బహిరంగంగా ఆందోళన చెప్పారు. ఈ రోజు పుట్టే బిడ్డ సంరక్షణ చేసే వయసుకు రావడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుందని, ఈలోగా 80 దాటబోయేవారు ఇప్పటికే పుట్టి, పెరిగి, చాలామంది పిల్లలను హైదరాబాదుకో బెంగళూరుకో డల్లాస్‌కో పంపి ఉన్నారని చెప్పడానికి పెద్ద నమూనా అక్కర్లేదు. అక్కరపడేది తర్వాతి ప్రశ్నకు. పింఛను మొత్తాన్ని పెంచడమా, ఆశా కార్యకర్తల తరహాలో ఇంటికొచ్చే సహాయకులను పెట్టడమా, మండలానికో పగటి కేంద్రమా? ఒకే సొమ్ముతో వీటిలో ఏది ఎంతమందిని ఎన్నాళ్ళు మంచాన పడకుండా ఆపుతుంది? ప్రవాహాల బడికి తక్కువ గింజలు చాలు కనక, ఒకటి రెండు జిల్లాల్లో దాన్ని మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టేవారు తేల్చుకోవలసింది ఒకటుంది. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లి దగ్గర పక్కింటివాళ్ళు గడిపే గంటలను, నెలజీతానికి పెట్టుకున్న పనిమనిషి గంటలను, విదేశం నుంచి కూతురు ఫోనులో నడిపించే వ్యవహారాన్ని ఏ గడిలో రాస్తారు? లాసి ప్రశ్నావళి ఇంతవరకు సాయం చేసే మనిషి ఎవరని అడిగింది. ఆ మనిషి ఇంకెన్నేళ్ళు చేయగలదో మాత్రం ఏ సర్వేలోనూ సరిగ్గా నమోదు కావడం లేదు.